పెదవి దాటిన మాట

పొద్దున్నే ఆ ఇంట్లో అందరికంటే ముందు నోరు విప్పేది టీ గిన్నె మూత. నీళ్ళు మరిగి అది టకటకా కొట్టుకుంటుంటే, పక్క గదిలో ముసుగు తన్ని పడుకున్న తండ్రికి వినబడేది గానీ పొయ్యి ముందే నిలబడ్డ తల్లికి వినబడేది కాదు. ఆమె మూత కదలడం చూసి మంట తగ్గించేది. పెళ్ళికి ముందు నుంచీ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తున్న మనిషి. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా మూటాముల్లె సర్దుకుంటోందనీ, షెడ్డు వదలకపోతే అదీ దక్కదనీ డాక్టరు చెప్పాడు. ఇక మీదట చెవిలో దూది పెట్టుకుంటానని ఆమె అంటే, "చేతులు కాలాక ఆకులెందుకమ్మా" అన్నాడు.

తండ్రి బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. వెనక సీటుకు వినబడేలా అరిచి అరిచి పెరిగిన గొంతు ఇంటికొచ్చినా తగ్గలేదు. "నీ చెవికి నా గొంతే తగింది. దేవుడు చూసి చూసి కలిపాడు మనల్ని" అని భార్యతో హాస్యమాడేవాడు.

తల్లీ కూతుళ్ళకు మాత్రం ఆ గొంతుతో పని లేదు. మగ్గాల హోరులో పక్కన పిడుగు పడ్డా వినబడదు గనుక షెడ్డులో ఆడవాళ్ళు పెదవులతోనే మాట్లాడుకుంటారు. ఒక్కో అక్షరాన్నీ నోరంతా తిప్పి, సాగదీసి, ఎదుటి మనిషి కళ్ళకు అందిస్తారు. కోడళ్ళ మీద చాడీలు, పురుటి కబుర్లు, సూపర్‌వైజర్ విగ్గు సంగతి, అన్నీ ఆ చివరి నుంచి ఈ చివరికి చప్పుడు లేకుండా ప్రయాణం చేస్తాయి. ఆ అలవాటు గేటు దాటినా పోదు. నలుగురిలో ఉన్నా మిల్లు మనిషిని మూతి తిప్పడాన్ని బట్టి పోల్చుకోవచ్చు. కూతురు మాటలు నేర్చుకునే వయసులోనే తల్లి దగ్గర ఈ విద్య కూడా నేర్చేసుకుంది. తండ్రికి ఎంత ప్రయత్నించినా అబ్బలేదు. నోరు ఊరుకోని పిల్ల అని కూతురికి పిట్ట అని పేరు పెట్టుకున్నాడు.

ఆ రోజు పొద్దున పిట్ట టీ గ్లాసు ముందు పెట్టుకుని, తల్లి తన వైపు తిరిగేదాకా ఆగి, పెదవులతోనే అంది.

"నేను మిల్లు కాలేజీలో చేరనమ్మా."

తల్లి చేతిలోని గిన్నె అక్కడే ఆగింది. ఆమె కూడా చప్పుడు చెయ్యలేదు. "మళ్ళీ అను."

"చేరను. ధర్మపాఠశాలకి వెళతాను."

మిల్లు యాజమాన్యం ఏటా కార్మికుల బిడ్డల్లో ఒకరిని తన ఖర్చుతో కాలేజీలో చదివిస్తుంది. ఫీజు, పుస్తకాలు, బస్సు పాసు అన్నీ మిల్లువే. చదువుతూ మధ్యాహ్నాలు మిల్లులో పని నేర్చుకోవాలి, చదువయ్యాక కొన్నేళ్ళు అక్కడే ఉద్యోగం చెయ్యాలి. ఉద్యోగమంటే షెడ్డులో కాదు. పైన అద్దాల ఆఫీసులో, తలుపు మూస్తే హోరు లోపలికి రాని చోట. ఆ తలుపు మూసుకోవడాన్ని తల్లి కింద నుంచి ఎన్నేళ్ళుగా చూస్తోందో! ఈ ఏడు ఆ అవకాశం పిట్టకు వచ్చింది. వారం చివరిలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నారు.

ధర్మపాఠశాల వేరే ఊళ్ళో ఉంది. మూలగ్రంథాలను పాత భాషలోనే చదివించి బోధకులను తయారుచేస్తారు. అక్కడే ఉండి చదవాలి. చదువుకూ తిండికీ బసకూ వాళ్ళడిగేది ఇల్లు అమ్మితే తప్ప తేలేది కాదు. ఇల్లు అమ్మినా, పిట్ట చదువు ముగిసేదాకా తల్లి మగ్గం దగ్గర నిలబడాల్సిందే.

"ఇల్లు అమ్ముకుని ఎక్కడుంటాం?"

"చదువయ్యాక నేను చూసుకుంటాగా."

"బోధకులకి జీతాలెవరిస్తారే? దేవుడా?"

"ఇస్తాడేమో."

"ఇచ్చేవాడైతే ముందు నా చెవి ఇమ్మను!"

మధ్యలో కూర్చున్న తండ్రి ఒకసారి భార్య మూతి వంక, ఒకసారి కూతురి మూతి వంక చూశాడు. ఆయనకు కనబడుతున్నదల్లా రెండు చేపలు నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉండటమే. కాసేపు ఓపిక పట్టి, గ్లాసు ఠప్పున బల్ల మీద పెట్టాడు.

"ఏమే పిట్టా! మీ అమ్మా నువ్వూ పోట్లాడుకుంటే నాకూ వినబడేలా పోట్లాడుకోండి! ఈ ఇంట్లో రెండు చెవులూ పనిచేసే పెద్దమనిషిని నేను, ఏం జరుగుతోందో తెలియనిదీ నాకే!"

ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్ళు. పిట్ట గొంతు విప్పి సంగతి చెప్పింది. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"పోతే పోనీ ఇల్లు," అన్నాడు చివరికి. "జీవితమంతా బస్సులో నిలబడే బతికాను, అద్దె గదిలో కూర్చోలేనా?"

"మీకేమండీ, మీరు ఎక్కడైనా రైట్ రైట్ అంటారు," అని తల్లి గొంతు విప్పి అరిచింది. "నిలబడాల్సింది నేను!"

అనేసి, తన మాటకు తనే తల దించుకుంది. ఎందుకంటే అది నిజం కాదు. ఆమె భయం నిలబడటం గురించీ కాదు, చెవి గురించీ కాదు. వయసులో ఉండగా ఆమెను వాళ్ళమ్మ మొదటిసారి షెడ్డులోకి తీసుకెళ్ళింది. ఆ హోరుకు తల పగిలిపోతుందేమోనని ఆమె రెండు చెవులూ మూసుకుని గోడకు ఆనుకుని ఏడ్చింది. వాళ్ళమ్మ ఆ చేతులు బలవంతంగా కిందికి దించి, మొహం ఎదురుగా నిలబడి, పెదవులతో ఒకే మాట అంది: "అలవాటవుతుంది." అయింది కూడా. ఆ మాట మీద ఆమెకున్న కసి ఇంతా అంతా కాదు. తన కడుపున పుట్టిన పిల్లకు ఏ పరిస్థితిలోనూ ఆ మాట అనే అవసరం రాకూడదని, పిట్ట ఉయ్యాలలో ఉన్నప్పుడే ఒట్టు పెట్టుకుంది. అద్దె గది, తెలియని ఊరు, అరకొర జీతం, వీటన్నిటి చివరా ఆమెకు ఆ మాటే కనబడుతోంది.

పిట్టకు ఈ పిచ్చి పట్టింది ప్రార్థన మందిరంలో. అక్కడ ముందు వరుస మిల్లులో రిటైరైన ముసలమ్మలది. అందరికీ చెవుడే. పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడే గురువుగారు ఎంత గొప్పగా చెప్పినా వాళ్ళకు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చిన్నప్పుడు ఒకరోజు పిట్ట ఆయన పక్కన నిలబడి, ఆయన మాటల్ని పెదవులతో ముసలమ్మలకు అందించింది. అందరికంటే పెద్దామె, అందరూ పెద్దక్క అనేవారు ఆమెను, ఆ రోజు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎన్నో ఏళ్ళుగా మందిరానికి వచ్చి గోడలు చూసి పోతున్న మనిషి. ఆనాటి నుంచీ ఆ చోటు పిట్టదైపోయింది.

"ఆయన మాటలు మోసుకెళ్ళడం కాదమ్మా," అనేది. "ముసలమ్మలు నన్ను అడుగుతారు. ఇలా ఎందుకు జరిగింది, దేవుడెందుకు ఊరుకున్నాడు అని. నాకు జవాబు తెలియదు. తెలుసుకోవాలి."

పిల్ల భక్తి ఉత్తిదైతే తల్లికి ఇంత బాధ లేకపోయేది. ఉత్తిది కాదని ఆమె కళ్ళారా చూసింది. మందిరంలో మౌన ప్రార్థన మొదలు కాగానే మిల్లు ఆడవాళ్ళు కళ్ళు దించుకోవాలి. దేవుడితో చెప్పుకునే మాటలు మనిషి చదవకూడదు, అది వాళ్ళ మర్యాద. ఒకసారి తల్లి షిఫ్టు ముగించుకుని ఆలస్యంగా వెళ్ళి పక్క గుమ్మం దగ్గర నిలబడింది. ఎదురుగా పిట్ట మొహం. కళ్ళు మూసుకుని, చెంపల మీద నీళ్ళు కారుతుండగా, పెదవులు స్పష్టంగా అంటున్నాయి: "మా అమ్మకు ఆ ఒక్క చెవీ ఉంచు. కావాలంటే నాది తీసుకో." తల్లి చూడకూడనిది చూసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో ఆ పోట్లాట జరిగిన మర్నాడు, షిఫ్టు కాగానే ఆమె గురువుగారి గదికి వెళ్ళింది. ధర్మపాఠశాల వాళ్ళు స్థానిక గురువు మాట లేనిదే ఎవరినీ చేర్చుకోరు. ఆ గదికీ మందిరం హాలుకూ మధ్య పెద్ద గాజు కిటికీ ఉంది. హాల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ నలుగురైదుగురు తలలు వంచుకుని చాపలు చుడుతున్నారు. ఆమె తలుపు గట్టిగా మూసి, గడియ పడిందో లేదో చేత్తో చూసుకుని, కిటికీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది.

"మా పిల్లను వద్దనండి," అంది.

గురువుగారు తెల్లబోయారు. "నేనెందుకు వద్దంటానమ్మా? ఇన్నేళ్ళలో ఈ మందిరం నుంచి పంపదగిన పిల్ల అదొక్కతే."

"అందుకే వచ్చాను. నేను వద్దంటే మొండికేస్తుంది. మీరంటే వింటుంది."

"నన్ను అబద్ధం ఆడమంటున్నావు."

ఆమెకు ఆ క్షణంలో ఇంకే దారీ కనబడలేదు. గోడలకు చెవులుంటాయని గొంతు బాగా తగ్గించింది. గొంతైతే తగ్గింది గానీ, ఇన్నేళ్ళ అలవాటున నోరు మాత్రం షెడ్డులో తిరిగినట్టే నిండుగా తిరిగింది.

"అబద్ధం కాదండీ. దానికి నమ్మకం లేదు. నేను మిల్లు మనిషిని, పెదవులు చదవడం నాకు తెలుసని మీకూ తెలుసు. దాని ప్రార్థన చూశాను. లోపల ఏమీ లేదు. ముసలమ్మలు మెచ్చుకుంటారని ఊరికే పెదవులు కదుపుతుంది. ఇల్లు అమ్ముకుని దాన్ని పంపితే రేపు మీకే తలవంపులు."

గురువుగారు బల్ల మీది కాగితాలన్నీ ఒక్కొక్కటిగా సర్ది పక్కన పెట్టారు. కన్నతల్లి ఇలాంటి విషయంలో అబద్ధమాడుతుందని ఆయన ఊహకు అందలేదు. పాపం, ఎవరి ఊహకు అందుతుంది?

"సరే," అన్నారు. "ఇంకా సిద్ధంగా లేవని చెబుతాను."

ఆమె చేతులు జోడించింది. లేచేసరికి హాలు ఖాళీగా ఉంది. చాపలన్నీ చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి, ఒకటి మాత్రం సగం చుట్టి నేల మీద వదిలేసి ఉంది.

వారం చివరికి పిట్ట ఇంటికొచ్చి, ఈసారి తండ్రికి కూడా వినబడేలా గొంతు విప్పి చెప్పింది. "గురువుగారు నేను సిద్ధంగా లేనన్నారు. మిల్లు కాలేజీలో చేరతాను."

"ఆయనెవరు అనడానికి? నేను వెళ్ళి అడుగుతాను!" అని తండ్రి చెప్పులు వేసుకోబోయాడు.

"వద్దు నాన్నా. ఆయనకు తెలిసింది ఆయన చెప్పారు."

తల్లి గుండె మీది నుంచి బండ దించినట్టయింది. ఆ రోజు పిట్టకు స్వయంగా తల దువ్వింది. జడ అల్లుతుంటే పిల్ల కిమ్మనకుండా కూర్చుంది. చిన్నప్పుడు కూడా అంత బుద్ధిగా కూర్చున్న పాపాన పోలేదు. అలిసిపోయింది పాపం, అనుకుంది తల్లి. మనకు అనుకూలంగా ఉన్నప్పుడు ఎదుటివాళ్ళ మౌనానికి మనం ఎన్ని మంచి పేర్లు పెడతామో!

కాలేజీ మొదలైంది. పొద్దున పాఠాలు, మధ్యాహ్నం మిల్లు. పిట్ట మార్కులు బాగా వచ్చేవి. సూపర్‌వైజర్ ఆమెను మెచ్చుకుంటూ తల్లి దగ్గరికొచ్చి బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఇంట్లో మాత్రం తండ్రి గొంతు ఒక్కటే మిగిలింది. ఆయన ఏవో పాత బస్సు కథలు చెప్పేవాడు, పిట్ట "ఊఁ" అనేది. తల్లి పెదవులతో ఏదైనా అడిగితే గొంతుతోనే జవాబిచ్చేది, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు.

మందిరంలో ముందు వరుస దగ్గర పిట్ట నిలబడటం మానేసింది. చదువు ఎక్కువై తీరిక లేదంది. ముసలమ్మలు మొదట్లో ఆ ఖాళీ చోటు వంక చూస్తూ కూర్చునేవారు. తర్వాత ఒక్కొక్కరే రావడం తగ్గించారు. పెద్దక్క ఒకరోజు గుమ్మం దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని, పళ్ళు లేని నోరు పెద్దగా తిప్పుతూ అడిగింది.

"నీ కూతురికి మా మీద కోపమొచ్చిందా?"

"లేదు పెద్దక్కా. చదువు."

"చదువుకుంటే నోరు పడిపోతుందటే? నేను పోయేలోపల ఒక్కసారి కనబడమను. దాని నోట్లోంచి అయితేనే దేవుడి మాట నాకు అందుతుంది."

ఆ రోజు మౌన ప్రార్థనలో తల్లి మర్యాద తప్పింది. కావాలనే తప్పింది. కళ్ళెత్తి పిట్ట వంక చూసింది. పిట్ట కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎదురుగా గోడను చూస్తోంది. పెదవులు బిగించి ఉన్నాయి. ప్రార్థన ముగిసేదాకా అవి ఒక్కసారి కూడా కదల్లేదు.

లోపల ఏమీ లేదు అని తల్లి చెప్పిన మాట, చెప్పిన రోజున పచ్చి అబద్ధం. ఇవాళ అది నిజమై ఎదురుగా కూర్చుని ఉంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇంటికొచ్చాక కూతురితో చెప్పాలని వంటింట్లోంచి గదిలోకి, గదిలోంచి వంటింట్లోకి తిరిగింది. తండ్రి ఉన్నాడు. తండ్రి లేనప్పుడు ధైర్యం లేదు.

చివరికి చెప్పింది షెడ్డులో. మధ్యాహ్నం పిట్ట ఏదో రాసుకోవడానికి పైనుంచి కిందికి దిగి, అవతలి వరుసలో మగ్గం పక్కన నిలబడింది. తలెత్తినప్పుడు తల్లి చూపుకు చూపు తగిలింది. తల్లి మగ్గం మీద పోగు తెగి, మగ్గం ఆగిపోయింది. మామూలుగా అయితే ఆమె చేతులు తెగిన పోగు కోసం వాటంతటవే పోతాయి. ఈసారి పోలేదు.

"నేనే చెప్పాను గురువుగారికి," అంది పెదవులతో. "నీకు నమ్మకం లేదని నేనే చెప్పాను."

షెడ్డులో దాపరికం లేదు. ఆ మాట మధ్యలో ఉన్న ఆడవాళ్ళందరికీ కనబడింది. ఒకరి తర్వాత ఒకరు కళ్ళు దించుకుని మగ్గాల మీదికి వంగారు, మందిరంలో వంగినట్టు.

పిట్ట మొహంలో ఏ మార్పూ లేదు.

"తెలుసమ్మా."

"తెలుసా?"

"ఆ రోజు హాల్లో చాపలు చుడుతున్నాను. గాజులోంచి నీ నోరు కనబడింది."

తల్లి చెయ్యి దానంతటదే పైకి లేచి నోటికి అడ్డం పడింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అన్నారా. ఇంతకాలానికి ఆ చెయ్యి అడ్డం వచ్చి ఏం లాభం?

"మరి నన్ను ఎందుకు అడగలేదే? ఎందుకు తిట్టలేదు?"

"నువ్వు చెప్పింది నిజమేమో అనుకున్నాను." పిట్ట ఒక్కో మాటా నిదానంగా పెట్టింది, తల్లి నేర్పినట్టే. "నా పెదవులు నీకంటే బాగా చదివేవాళ్ళెవరున్నారు? అమ్మే అంటోందంటే లోపల నిజంగానే ఏమీ లేదేమో, నాకే తెలియలేదేమో అనుకున్నాను. అప్పటినుంచీ ప్రార్థన మొదలుపెడితే చాలు, ఊరికే కదుపుతున్నానేమో అనిపిస్తోంది. అందుకే మానేశాను."

"కాదు తల్లీ, కాదు! అబద్ధం చెప్పాను. నీ ప్రార్థన నేను నిజంగానే చూశాను. నా చెవి ఉంచమని అడిగావు. కావాలంటే నీది తీసుకోమన్నావు. నీళ్ళు కారుతున్నాయి నీకు. అంత నమ్మకం నేనెవరిలోనూ చూడలేదు!"

ఈ మాటతో గాయం మానుతుందనుకుంది పిచ్చితల్లి. పిట్ట మొహం అప్పుడు మారింది. ఇన్ని నెలల్లో మొదటిసారి ఆ కళ్ళు నిండాయి.

"చూశావా?" అంది. "చూసే ఆ మాట అన్నావా?"

తెలియక అన్నదని ఇన్నాళ్ళూ కూతురు ఆమెకు మిగిల్చిన ఆ ఒక్క సాకునూ తల్లి తన నోటితో తనే తుడిచేసుకుంది.

"ఇల్లు అమ్మేద్దాం," అంది తొందరగా. "ఇవాళే గురువుగారి కాళ్ళ మీద పడతాను. వచ్చే ఏడు చేరుదువు గాని. నేను నిలబడతాను, ఎన్నేళ్ళయినా నిలబడతాను."

"చేరేటప్పుడు అక్కడ ఒకటే అడుగుతారమ్మా, నమ్మకం ఉందా అని. ఏం చెప్పను?"

"ఉందని చెప్పు."

"ఉంటే చెప్పేదాన్నే."

పిట్ట కాగితాలు చంకలో పెట్టుకుని వరుస దాటి తల్లి దగ్గరికి వచ్చింది. తెగిన పోగు వెతికి పట్టుకుని, చిన్నప్పుడు నేర్చుకున్నట్టే ముడి వేసింది. తల్లి కుడి చెవిలోంచి దూది జారి భుజం మీద పడి ఉంది. దాన్ని తీసి, నలిపి గుండ్రంగా చేసి, జాగ్రత్తగా మళ్ళీ ఆ చెవిలో పెట్టింది. తల్లి ఆ చేతిని పట్టుకుని చెంపకు ఆనించుకుని, షెడ్డంతా ఉందని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. పిట్ట చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండో చేత్తో తల్లి జుట్టు సవరించింది.

"నువ్వెట్లా బతుకుతావే, ఆ నమ్మకం లేకుండా?" అని అడిగింది తల్లి.

పిట్ట మగ్గం మీట నొక్కింది. అది కూడా మిగతా మగ్గాల హోరులో కలిసింది. తల్లికి తన పెదవులు సరిగ్గా కనబడేలా మొహం ఎదురుగా నిలబడింది.

"అలవాటవుతుందిలే అమ్మా," అంది.

తల్లి కళ్ళు మూసుకుంది. అప్పటికే చూసేసింది.